ఊదా పెన్సిల్ తీర్పు

జనగామ స్టేషన్ రోడ్డులో ప్రకాశం నడిపే అద్దె నవలల కొట్టుకు బోర్డు మీదున్న పేరు "కళానిలయం". ఆ పేరును అతను తప్ప మరొకరు పలికిన పాపాన పోలేదు. ఊరందరికీ అది ఎనకపేజీ దుకాణం. పుస్తకం కోసం వచ్చినవాడు అట్ట మీద బొమ్మ చూడడు, రచయిత పేరు చూడడు, సరాసరి పుస్తకాన్ని బోర్లా తిప్పి వెనక అట్ట లోపలి వైపు చూస్తాడు. అక్కడ ప్రకాశం మైదా ఉడికించి అతికించిన తెల్ల కాగితం ఉంటుంది. దాని నెత్తిన "చదివినవారు దయయుంచి తమ అభిప్రాయమును వ్రాయగలరు" అని గుండ్రటి అక్షరాలు.

ఆ కాగితం ఊరి మీద ప్రేమతో పెట్టింది కాదు. వచ్చిన ప్రతివాడూ "ఏది మంచిగుంటది సావుకారి?" అని ప్రాణం తోడేసేవాడు. చెప్పిన పాపానికి మర్నాడొచ్చి, "నీ మాటినుకొని తీస్కపోతే మా ఇంటామె రెండు దినాలు ముఖం మాడ్చుకున్నది" అని తగువేసుకునేవాడు. మీ చావు మీరు చావండని ప్రకాశం ఆ బాధ్యత పాఠకుల మీదికి తోసేశాడు.

మొదట్లో వచ్చిన అభిప్రాయాల సంగతి చెప్పుకోకపోతేనే మర్యాద. "బాగున్నది." "చాలా బాగున్నది." "నలభై రెండో పేజీ చింపినాయన మర్యాదగ తెచ్చియ్యాలె." "హీరోయిన్ పేరు మా మరదలు పేరే." దాని కింద ఇంకొకడు, "నీ మరదలు పేరు మాకెందుకు?" ఆ కింద మరదలి అన్న కూడా రాశాడు గానీ అది ఇక్కడ చెప్పదగింది కాదు.

అట్లా ఉండగా ఒకనాడు ఊదా పెన్సిల్ దిగింది. తడిపి రాస్తే ఊదా రంగు తేలే పెన్సిల్ అది, పార్సిల్ గుమాస్తాలూ బస్తాల మీద గుర్తులేసే వాళ్లూ వాడేది. పేరు లేదు, సంతకం లేదు. అక్షరాలు మాత్రం నాగటి చాళ్లలాగా లావుగా, తిన్నగా ఉండేవి. "మొదటి అరవై పేజీలు వానే. ఎవ్వలూ తడువలే. అరవై ఒకటి కాడికెళ్లి చదువుండ్రి" అని ఒక పుస్తకంలో. "గీ హీరో ఇరవైసార్లు సిగరెట్ ముట్టిచ్చిండు, ఒక్కనాడు పనికి పోలే. పిల్లనెట్ల ఇచ్చిన్రు?" అని మరోదాంట్లో. "అత్త మంచిది. అందుకనే నమ్మబుద్ధి అయితలే" అని ఇంకోదాంట్లో.

చెప్పొద్దూ, ఊరు ఊరంతా ఆ అక్షరాలకు దాసోహమంది. "ఊదా పెన్సిల్ ఏమన్నది?" అని అడగకుండా పుస్తకం ముట్టేవాడు లేడు. మానుకోట నుంచి రోజూ రైలుబండిలో ఈ మీదుగా పోయే ఒక ఆఫీసు గుమాస్తా, బండి ఆగిన కాసేపట్లో పరుగెత్తుకొచ్చి నాలుగు వెనక పేజీలు చదువుకుని, పుస్తకం తీసుకోకుండానే మళ్లీ పరుగెత్తేవాడు. ఊదా పెన్సిల్ మెచ్చిన పుస్తకం నెల తిరిగేసరికి అట్టలూడిపోయేది. మెచ్చనిది బీరువాలో పడి బల్లులకు కాపురమయ్యేది.

ఇంత న్యాయస్థానాన్ని తన చేత్తో మైదా పెట్టి అతికించుకున్న మనిషికి ఒక రహస్యం ఉంది. ప్రకాశం స్వయంగా ఒక నవల రాశాడు.

ఈ రోగం అరవై తొమ్మిదిలో అంటింది. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు అతను వరంగల్‌లో డిగ్రీ మొదటి ఏడు. తోటివాళ్లు లాఠీ దెబ్బలు తింటూ జైళ్లకు పోతుంటే ఇతను ఒక్క ఊరేగింపుకు పోయి, చెప్పు తెగి, ఇంటికొచ్చి మంచమెక్కి నవలలు చదవడం పట్టాడు. ఏడాది దాకా దిగలేదు. అన్నలిద్దరూ కందులూ మిరపకాయల టోకు బేరంలో పడి పైకొస్తే, ఇతను పుస్తకాల కొట్టు పెట్టి ఇంటి పరువు తీశాడని వాళ్ల బాధ. నేను రచయితనని ఏదో ఒకరోజు లోకం చెబితే వీళ్ల నోళ్లు మూతపడతాయని ఇతని ఆశ. ఆ ఒక్క ఆశతోనే పదిహేనేళ్లు పుస్తకాల దుమ్ము దులిపాడు.

ఈ రెండేళ్లలో రాత్రిళ్లు లేచి రాసి ముగించిన ఆ నవల పేరు "పన్నీటి మేడ". రచయిత్రి కుమారి తుషార. ఔను, రచయిత్రే. ఆడపేరుంటేనే అమ్ముడుపోయే రోజులవి, అందుకని ముప్పై నాలుగేళ్ల మీసాలాయన కుమారి అయ్యాడు. కథ ఊటీలో జరుగుతుంది. ప్రకాశం ఊటీ చూడలేదు. కథానాయకుడు శశాంక్ పడవంత కారు నడుపుతాడు. ప్రకాశం ఎక్కిన కారు ఒక్కటే, పెళ్లి ఊరేగింపుది, అదీ సగం దారిలో ఆగితే బామ్మర్దులు తోశారు. శశాంక్‌కూ మధులికకూ మధ్య మూడు వందల పేజీల అపార్థం. నడుమ నడుమ నవ్వించడానికి రంగమ్మ అనే వంటమనిషి. ఆవిడ ఒక్కతే మన దిక్కు మాటలాడుతుంది. సినిమాల్లో అంతే కదా, మన మాట వినపడిందంటే నవ్వాలని గుర్తు.

విజయవాడ ప్రచురణకర్త పుస్తకం వేస్తూ ఒక ఉత్తరం రాశాడు. "మీకు లైబ్రరీ ఉన్నదట గదా. మీ పాఠకుల అభిప్రాయాలు ఒక పాతిక సేకరించి పంపండి. బాగుంటే రెండో నవల వేస్తాము. లేకపోతే ఇక మాకు రాయవద్దు." ఈ ఉత్తరాన్ని ప్రకాశం చొక్కా జేబులో పెట్టుకుని నెల రోజులు తిరిగాడు. చెమటకు తడిసి సిరా అలికింది గానీ చివరి వాక్యం మాత్రం చెక్కు చెదరలేదు.

"పన్నీటి మేడ" ఆరు ప్రతులు బీరువాలో, మనిషి కళ్లకు ఎదురుగా పెట్టాడు. ఎవరూ తీయలేదు. వెనక పేజీ ఖాళీ అయితే ఎవడు తీస్తాడు? ఓపిక నశించి తనే ఎడమ చేత్తో రాశాడు: "అత్యద్భుతం! కన్నీరు ఆగలేదు. ఇట్లు, ఒక గృహిణి, లింగాల ఘనపూర్." ఇంకో ప్రతిలో, "తుషారగారూ, మీ చేతులకు నమస్కారం. ఇట్లు, ఒక పోస్టుమాస్టరు, నెల్లికుదురు." ఆరు ప్రతుల్లో ఆరుగురు ఏడ్చారు.

కోమట్ల ఇళ్ల ఆడవాళ్లు కొట్టు దాకా రారు. వాళ్లకు పుస్తకాలు సంచిలో వేసుకుని సైకిల్ మీద ఇంటింటికీ చేర్చేది బాల్‌సింగ్. కొడకండ్ల దగ్గరి తండా మనిషి, నలభై ఏళ్లవాడు, నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. పదేళ్లుగా ప్రకాశం దగ్గరున్నాడు. పన్నీటి మేడ ఒక ప్రతి అతని సంచిలో వేసి పంపించాడు. నాలుగో రోజు తిరిగొచ్చింది. గృహిణి కన్నీటి కింద ఊదా అక్షరాలు.

"గీ గృహిణి ఎడమ చేత్తోటి రాసింది. పుస్తకం కొత్త వాసనే పోలే, పేజీలు ఒకదానికొకటి అతుక్కొనే ఉన్నయి. చదువకుంటనే ఎట్ల ఏడ్సిందో ఎరుక లేదు. మేం ఇప్పుడే మొదలువెట్టినం. మొత్తం చదివి చెప్తం."

పుస్తకం మళ్లీ సంచిలో వేసి పంపాడు గానీ, ప్రకాశానికి ఆ పూట అన్నం దిగలేదు. తీర్పు రాకముందే ఆ మహానుభావుడెవరో పట్టుకోవాలి, కాళ్లయినా పట్టుకోవాలి. ఊదా పెన్సిల్ రాసేవాడు దాన్ని నాలుక మీద తడపక తప్పదు. తడిపితే నాలుక ఊదా. ఇంకేం, ప్రకాశం ఊరి నాలుకల మీద పడ్డాడు.

పార్సిల్ గుమాస్తాతో, "నీ నాలుక మీద ఏదో పుండున్నట్టున్నది, జర సూడనీ" అన్నాడు. గుమాస్తా భయపడి చాపాడు. ఎర్రగా ఉంది. గల్లాల దగ్గర ముగ్గురు లెక్కల గుమాస్తాల నాలుకలు చూశాడు, ఒక పంతులుది చూశాడు, పోస్టు ఇచ్చే ఆయనది కూడా వదల్లేదు. నాలుగో రోజుకల్లా ప్రకాశం నాలుక చూసి జబ్బు చెప్తున్నాడని ఊరంతా పాకింది. కొట్టు తెరిచేసరికి పదిమంది నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. "సావుకారి, అన్నం సయిస్తలేదు, నా నాలుక సూడు" అని ఒక ముసలాయన. "మా కోడలుది సూడు, ఎప్పుడూ ఊకుండది" అని ఒక ముసలామె. ప్రకాశం అందరికీ అల్లం రసం తాగమని చెప్పి పంపాడు. ఇద్దరికి తగ్గిందట కూడా, ఖర్మ.

ఆ వారంలోనే బాల్‌సింగ్‌కు జ్వరమొచ్చింది. అయినా సంచి మోసుకుని వచ్చి కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. ప్రకాశం అతన్ని చెయ్యి పట్టుకుని కంపౌండరు వెంకటనర్సయ్య దగ్గరికి తీసుకుపోయాడు. వెంకటనర్సయ్య గొట్టం చెవుల్లో పెట్టుకుని, "నాలుక సూపెట్టు" అన్నాడు. జ్వరంలో రెండు రోజులుగా ఆకూవక్కా లేవు. బాల్‌సింగ్ నాలుక చాపాడు. వంకాయ తొక్కు రంగులో నిగనిగలాడింది.

వెంకటనర్సయ్య గొట్టం జారిపోయింది. "వామ్మో, నీలమైంది! మనిషి దక్కడు! ఎవలన్న జీపు పిలువుండ్రి, వరంగల్ దవాఖానకు తీస్కపోవాలె!"

దక్కని మనిషి బీడీ కోసం జేబు తడుముకుంటున్నాడు. ప్రకాశం మాత్రం బెంచీ మీంచి ఎగిరి, "దొరికిండు! దొరికిండు!" అని చప్పట్లు కొట్టాడు. మనిషి చస్తుంటే సంబరపడే యజమానిని వెంకటనర్సయ్య తన సర్వీసులో చూడలేదు. అసలు జబ్బు వీడికే ఉందనుకుని ప్రకాశం నాలుక చూపమన్నాడు.

జ్వరం మందు మింగించి, కొట్టులో గోనెపట్టా మీద కూర్చోబెట్టి, ప్రకాశం తలుపు చేరవేశాడు.

"నీకు చదువెప్పుడొచ్చింది రా?"

"కొడకండ్లల రాత్రిబడి పెట్టినప్పుడు నేర్చిన సావుకారి."

"పదేండ్ల సంది నాకు చెప్పనేలేదు!"

"మీరడగలే గద."

నిజమే, అడగలేదు. బాల్‌సింగ్ పుస్తకాల్ని అట్టల రంగు బట్టి గుర్తుపడతాడని తనే అనుకున్నాడు, అనుకుని పదిమందికి చెప్పి నవ్వాడు కూడా.

"గవన్నీ నువ్వే రాసినవా?"

"రాత నాది. మాట అక్కలది. పెండ్లయిన ఆడోళ్ల రాత పది మంది మగోళ్లు తిరగేసే పుస్తకంల ఉంటే ఇండ్లల్ల లొల్లి అయితదని నాతోటి రాపిస్తరు. నేనొక్క పుస్తకం గూడ చదువలే సావుకారి, తీరికేది?"

"ఎవలా అక్కలు?"

"మా దేవుడు సేవాలాల్ మీద ఒట్టు వెట్టిచ్చుకున్నరు. పేరు చెప్తే నా కండ్లు పోతయి."

ప్రకాశం గొంతు తగ్గించాడు. "సరే, చెప్పకు. పన్నీటి మేడ బాగున్నదని ఒక్క ముక్క రాయి బాల్‌సింగ్. నీ కాళ్లు మొక్కుత."

బాల్‌సింగ్ పట్టా మీదే వెనక్కి జరిగాడు. "తప్పు సావుకారి. వాళ్లు చెప్పినదాని కన్న ఒక్క ముక్క ఎక్కువ రాయ, తక్కువ రాయ. గిప్పటికే ఐదిండ్ల అక్కలు చదివిన్రు. ఆడామె పేరు పెట్టిన్రు గని రాసింది మగాయన అంటున్నరు."

"ఎట్ల?"

"గా హీరోయిను పొద్దుగాల లేచి పొయ్యి అంటియ్యక ముందు పూలకు ముద్దులు పెడ్తదట. ఏ ఆడిది పెట్టదట."

ప్రకాశం మీసం దువ్వుకున్నాడు. "ఇప్పుడు పుస్తకం యాడున్నది?"

"పెద్దక్క కాడ. అందరి మాట అయినంక ఆఖరి మాట ఆమెదే. ఏ పుస్తకమైన రెండుసార్లు చదువుతది. ఈ పుస్తకం మాత్రం మూడోసారి తీసింది."

మూడోసారి! ప్రకాశం ఆ తర్వాత మూడు రోజులూ నేల మీద నడవలేదు. ఐదిళ్ల వాళ్లు ఏమన్నా అననీ, పెద్దక్క మూడుసార్లు చదివింది. నచ్చని పుస్తకం ఎవరైనా మూడుసార్లు చదువుతారా? విజయవాడకు రాయవలసిన ఉత్తరానికి కవరు కూడా కొన్నాడు. రెండో నవలకు కొడైకెనాల్ అని ఊరు కూడా అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున బాల్‌సింగ్ సంచి బల్ల మీద పెట్టి, మొహం చూడకుండా వెళ్లిపోయాడు. పుస్తకం పైనే ఉంది. వెనక పేజీ నిండిపోయి, అట్ట మీదికి కూడా పాకింది.

"పన్నీటి మేడ అందరం చదివినం. మేడ మంచిగున్నది, మనుషులే లేరు. శశాంక్ మూడు వందల పేజీలల్ల ఒక్కసారి గూడ అన్నం తినలే, కాఫీ మీదనే బతికిండు. మధులికకు ఏం కష్టమొచ్చిందో ఆమెకే ఎరుక లేదు. గిండ్ల పానమున్న మనిషి ఒక్కతే, వంటామె రంగమ్మ. ఆమె నోరు తెరిస్తే మా ఇండ్లల్ల కూసున్నట్టే ఉన్నది. కని రాసినాయనకు గామెను సూస్తే నవ్వొచ్చింది. మధులిక మాట్లాడితే ఏడ్వాలెనట, రంగమ్మ మాట్లాడితే నవ్వాలెనట.

"రెండు వందల పన్నెండో పేజీల మధులిక కుక్క సచ్చిపోతది. రంగమ్మ శోకం పెడ్తది. 'పోయేటప్పుడు ఒక్క మాటన్న చెప్తే ఏంబోయె అవ్వా, నీకనే గద పాలు పొయ్యి మీద పెట్టిన' అని. శశాంక్ కడుపు పట్టుకొని నవ్విండు. నేను నవ్వలే. గా మాట నాది. మా అత్త పోయిననాడు అన్న. గానాడు పాలు పొంగిపోయినయి గూడ."

ప్రకాశం చదివాడు. మళ్లీ చదివాడు. మూడేళ్ల కింద తెల్లవారుజామున తల్లి పోయినప్పుడు తను గోడకు ఆనుకుని రాయిలా కూర్చుని ఉన్నాడు. భార్య రాజమణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ మాట అని అత్త కాళ్ల మీద పడింది. ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఆ మాటకే ఏడ్చారు. అది అతని మనసులో పడిపోయింది. రాసేటప్పుడు ఎక్కడిదో గుర్తుకు రాలేదు, చేతికి వచ్చింది, కుక్క దగ్గర పెడితే భలే నవ్వొస్తుందనిపించింది. పెట్టాడు. అప్పుడు తనలో తను నవ్వుకున్నాడు కూడా. ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. తల్లి శవం పక్కన నిలబడి నవ్వినట్టే అనిపించింది.

కొట్టు మూసి, ఆ పుస్తకం చేతపట్టుకుని, పట్టపగలు పన్నెండింటికి ఇంటికి నడిచాడు. పదిహేనేళ్లలో ఆ వేళకు ఇంటికి పోవడం అదే మొదలు. ముందు తలుపు గడియ పెట్టి ఉంటే సందులోంచి పెరటి వైపుకు తిరిగాడు.

పెరట్లో న్యాయస్థానం నిండుగా కొలువై ఉంది. ఆరుగురు ఆడవాళ్లు చాటల్లో కందిపప్పు ఏరుతూ, మధ్యలో పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. పక్కింటి మనోరమ ఏదో పేజీ చదివి వినిపిస్తోంది. మెట్టు మీద బాల్‌సింగ్, చేతిలో చాయ గ్లాసు, నోట్లో పెన్సిల్. అందరికీ ఎత్తున, పీట మీద, ఒళ్లో పుస్తకంతో రాజమణి. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, పంచాంగం తప్ప ఏదీ ముట్టదని తను అనుకున్న మనిషి.

ప్రకాశాన్ని చూసిన మరుక్షణం పప్పు ఎక్కడిదక్కడ వదిలి, కొంగులు సవరించుకుంటూ అందరూ గోడ దాటినంత పని చేశారు. మనోరమ చాట మరిచి, మళ్లీ వచ్చి, "అన్నయ్యగారు, గా పూల ముద్దు ముచ్చట నేను చెప్పలే" అని చాట తీసుకుని పోయింది. బాల్‌సింగ్ చాయ సగంలోనే వదిలాడు. రాజమణి మాత్రం కదల్లేదు. పుస్తకం మూసి లేచి, చేతులు జోడించింది.

"విచ్చేయండి. తమరి రాకతో ఈ మేడ పావనమైనది. భోజనము సిద్ధముగా ఉన్నది, హస్తములు కడుగుకొనుడు."

మధులిక మాటలు! పన్నెండేళ్ల కాపురంలో భార్య కేకలేస్తే ప్రకాశం ఎన్నడూ భయపడలేదు. ఈ మర్యాదకు మాత్రం భయపడ్డాడు.

"రాజమణీ, గట్ల మాట్లాడకు."

"మరెట్ల మాట్లాడాలె? నా మాట మాట్లాడితే మీకు నవ్వొస్తదాయె."

ప్రకాశం గోడ వైపు చూస్తూ, "తప్పయింది" అన్నాడు. మళ్లీ, "మా అవ్వకని నువ్వు ఏడ్సిన మాట గది. కుక్కకు పెట్టిన. తప్పయింది రాజమణీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజమణి మొహం కొంచెం మెత్తబడింది. చాటలో పప్పు ఒక దగ్గరికి నెడుతూ అంది, "గా రాత్రిళ్లు లేచి రాస్తుంటే ఏదో మంచిగనే రాస్తున్నరనుకున్న. మొదటి పేజీకే మీరని ఎరుకయింది. ఆ శశాంక్ గూడ మీ లెక్కనే, అంగీ గుండీలు తప్పు పెడ్తడు. మూడుసార్లు చదివిన, యాడన్న బాగుంటదేమోనని."

అందుకా మూడుసార్లు! ప్రకాశం జేబులోంచి విజయవాడ ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది.

"పాతిక మంది అభిప్రాయాలంటే నేనేడికెళ్లి తేవాలె? ఉన్నది ఒక్కటే. గా కాయితమే చింపి పంపుత" అన్నాడు ప్రకాశం. "ఇగ రాయొద్దంటరు, తెలుసు. నువ్వు చెప్పు. నేను ఇంకోటి రాయాల్నా, వద్దా?"

రాజమణికి అప్పుడు నిజంగా కోపమొచ్చింది.

"ఊళ్లె ఉన్నోళ్లందరినీ అడిగిన్రు. పార్సిల్ గుమాస్తా నాలుక పట్టుకొని అడిగిన్రు. నన్ను గిప్పుడు గూడ రాయాల్నా వద్దా అంటున్నరు గని, పుస్తకం ఎట్లున్నదే అని అడుగుతలేరు. మీ బీరువాల పుస్తకం ఒక్కటి విడువకుంట చదివిన, పన్నెండేండ్లల్ల ఒక్కనాడు అడిగిన్రా?"

ప్రకాశం లెక్క వేసుకోవలసిన పని లేదు. ఒక్కనాడూ అడగలేదు. ఆమె ఎదురుగా, పప్పు గింజల మధ్య, నేల మీదే నిలబడి, పిల్లవాడు పంతుల్ని అడిగినట్టు అడిగాడు.

"ఎట్లున్నదే, రాజమణీ?"

రాజమణి తన పీట అతని ముందుకు తోసింది. తను గడప మీద సర్దుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, అతని చేతిలోని పన్నీటి మేడ అందుకుని మొదటి పేజీ తెరిచింది.

"కూసోండ్రి. పొద్దుగూకే దాక చెప్పినా ఒడువది."